ఏడు పరదాలు, ఒక్క గోడ

మా ఆయన గురించి చెప్పాలంటే ముందు మా స్టూడియో గోడ గురించి చెప్పాలి. పదకొండు అడుగుల వెడల్పు గోడ. దాని మీద ఆయనకున్న ప్రేమలో పావు వంతు నా మీద ఉండుంటే ఈపాటికి నేను మహారాణిలా కాలు మీద కాలు వేసుకుని కూర్చునేదాన్ని. ఊళ్లో అందరూ ఆయన్ని పరదాల మాస్టారు అంటారు. మాస్టారంటే ఎవరికో పాఠాలు చెప్పారనుకునేరు, నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రం రోజూ చెప్తారు.

ఆ గోడకి పైన ఏడు ఇనప గొట్టాలు ఒకదాని ముందు ఒకటి బిగించి ఉండేవి. ఒక్కో గొట్టానికి ఒక్కో పరదా చుట్టి ఉంటుంది. తాడు వదిలితే జరజరా కిందికి దిగుతుంది, లాగితే మళ్లీ పైకి చుట్టుకుంటుంది. ఫొటోకి వచ్చినవాళ్ల వెనక ఏది దించాలో ఆయనే నిర్ణయిస్తారు. ఒకదాంట్లో పూలతోట, ఒకదాంట్లో సముద్రం, ఇంకోదాంట్లో కొండ, ఇలా ఏడూ ఆయన చేత్తో వేసినవే. రంగులు కూడా ఆయనే కలుపుకునేవారు. నా వంటగిన్నెలు మూడు ఆ కలపడంలోనే రంగు మారి వాటి పాత ఉద్యోగం మానేశాయి.

"ఫొటోలో మనిషి మొహం వల్ల పాడవడు, చేతుల వల్ల పాడవుతాడు" అన్నది ఆయన సిద్ధాంతం. కెమెరా ముందు నిలబడగానే జనానికి తమ రెండు చేతులూ ఎవరో అప్పుడే తెచ్చి అతికించినట్టు అనిపిస్తుందట. అందుకని ఆయన వేసిన ప్రతి పరదాలోనూ ఒక పిట్టగోడ ఉంటుంది. దాని ముందు అదే రంగు వేసిన చెక్క స్టాండు పెడతారు. స్టాండు మీద చెయ్యి ఆనిస్తే, ఫొటోలో బొమ్మ గోడ మీదే ఆనించినట్టు కనిపిస్తుంది. తోటకి పిట్టగోడ ఉంటే సరే. సముద్రానికి కూడా సరే అనుకుందాం. "కొండకి పిట్టగోడేంటండీ?" అని అడిగాను ఒకసారి. "ఎవరైనా పడిపోతే?" అన్నారు. ఆ మనిషితో వాదించడం కంటే గోడతో వాదించడం నయం.

ఇంకో సంగతి. మా స్టూడియోలో ప్లగ్గు ఒక్కటే ఉండేది, ఎడమ పక్క. పెద్ద లైటు ఎప్పుడూ అక్కడే నిలబడాలి. అందుకని ఏడు పరదాల్లోనూ సూర్యుడు ఎడమ పక్కే ఉంటాడు. "దేవుడు సూర్యుణ్ణి తూర్పున పెట్టాడు, నేను ప్లగ్గు దగ్గర పెట్టాను" అనేవారు గర్వంగా.

మాకు ఒక్కతే అమ్మాయి. డిజిటల్ కెమెరాలు వచ్చాక మా ఆయన "దీని మీటల కంటే నా మతిమరుపు ఎక్కువ" అని కెమెరా దాని చేతిలో పెట్టేశారు. అప్పటి నుంచి ఆయన జనాన్ని నిలబెడతారు, అమ్మాయి ఫొటో తీస్తుంది, ఎదురు గోడ దగ్గర అద్దం బల్ల వేసుకుని నేను వాళ్ల తలలు దువ్వుతాను, కాలర్లు సరిచేస్తాను, చెమట పట్టిన ముక్కులకి పౌడరు అద్దుతాను. ముగ్గురం బాగానే నడుపుకొచ్చాం, మా వీధిలోనే ఇంకో స్టూడియో వచ్చేదాకా.

ఆ స్టూడియోలో పరదాలు లేవు. ఒట్టి ఆకుపచ్చ గోడ. దాని ముందు నిలబెట్టి ఫొటో తీసి, ఆ పచ్చని కంప్యూటర్లో తీసేసి, మంచుకొండ కావాలంటే మంచుకొండ, విమానం కావాలంటే విమానం పెట్టేస్తారు. మా దగ్గరికి వచ్చినవాళ్లు "విమానం లేదా?" అని అడగడం మొదలుపెట్టారు. మా ఆయన "ఉంది, విమానాశ్రయంలో" అనేవారు. వాళ్లు నవ్వి, అటు వెళ్లిపోయేవారు. మా అమ్మాయికి మాత్రం నవ్వు రాలేదు. అది రెండు నెలలు కూర్చుని ఆ పనంతా నేర్చుకుంది. ఒకరోజు భోజనాల దగ్గర మెల్లగా అంది:

"నాన్నా, నాకు ఆ గోడ కావాలి."

"ఏ గోడ?"

"మనకున్నది ఒక్క గోడే కదా. పైన ఏడు గొట్టాలు వేలాడుతుంటే పచ్చ రంగు మీద నీడలు పడతాయి. రంగు అంతటా ఒక్కలా కనిపించాలి. లేకపోతే కంప్యూటరు దాన్ని తీసెయ్యలేదు."

ఆయన కంచంలోకే చూస్తూ తిన్నారు. చెయ్యి కడుక్కున్నారు. తువ్వాలుతో తుడుచుకున్నారు. "తీసుకో తల్లీ" అన్నారు.

అక్కడితో ఆగుంటే బాగుండేది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి, ఇస్తే సగం ఇస్తారా? మర్నాడే నాటకాల కంపెనీ మేనేజరుకి ఫోన్ చేసి, ఏడు పరదాలూ ఆదివారం వచ్చి తీసుకుపొమ్మన్నారు. ఆ మేనేజరు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నాడు. "దాచుకుని ఏం చేస్తాం, ఎలుకలకి దుప్పట్లు కప్పడానికి తప్ప" అన్నారు నాతో, నవ్వుతున్నట్టు మొహం పెట్టి. ఆయనతో ఇన్నేళ్లు కాపురం చేశాను, ఏది నవ్వో ఏది కాదో నాకు తెలియదా? ఆ పరదాలు గుమ్మం దాటితే ఈ మనిషి మళ్లీ కుంచె పట్టరు. అమ్మాయితో ఆ మాటే అన్నాను.

"నేను ఇచ్చెయ్యమన్నానా అమ్మా? గోడ అడిగానంతే" అంది. దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ వెళ్లి తండ్రితో ఒక్క మాట అంటుందా? అనదు. మొండితనంలో ఆయన కూతురే మరి.

పచ్చ పరదా తనే వేస్తానన్నారు మా ఆయన. "గుడ్డ ఉంది, రంగుంది, నేనున్నాను. బయట కొనడమెందుకు?" అన్నారు. ఊరి బయట ఏదో ఫొటోల పని ఉండి అమ్మాయి రెండు రోజులు వెళ్లాల్సి వచ్చింది. వెళ్లే ముందు ఆయన్ని కూర్చోబెట్టి మరీ చెప్పింది.

"ఒట్టి ఆకుపచ్చ నాన్నా. ఒక్కటే రంగు. ఇంకేం వద్దు."

"ఒక్క రంగు వేయడం కూడా రాదనుకున్నావా నాకు?"

ఆ రెండు రోజులూ ఆయన తలుపు వేసుకుని, కూనిరాగం తీసుకుంటూ పని చేశారు. ఏడు పరదాలూ గొట్టాలతో సహా దింపి, తాళ్లు కట్టి, వెనక గదిలో పేర్చేశారు. నేను ఒకసారి తొంగి చూస్తే, గోడకి పచ్చగా ఒక పరదా వేలాడుతోంది. నా కళ్లకి పచ్చగానే ఉంది. ఒక్క అనుమానం మాత్రం వచ్చింది.

"ఒక్క రంగుకి నాలుగు కుంచెలెందుకండీ?"

"నువ్వెళ్లి టీ పెట్టు" అన్నారు.

గురువారం పొద్దున అమ్మాయి వచ్చీ రాగానే రొట్టెల దుకాణం వాళ్లు దిగారు. రొట్టెలాయన, వాళ్లావిడ, కవల పిల్లలు, రొట్టెలాయన తల్లి. ఆ పెద్దావిడ మా పాత కస్టమరు. పిల్లలు మంచుకొండ కావాలన్నారు. అమ్మాయి వాళ్లని పచ్చ పరదా ముందు నిలబెట్టింది. రొట్టెలాయన రెండు చేతులూ అటు పెట్టి, ఇటు పెట్టి, చివరికి కడుపు మీద కట్టుకుని, కడుపునొప్పి వచ్చినవాడిలా నిలబడ్డాడు. మా ఆయన నా అద్దం బల్ల పక్కన నిలబడి చూస్తున్నారు. ఏమీ అనలేదు. అననందుకు ఆయనకి ఒక మెడల్ ఇవ్వొచ్చు.

ఫొటో అయింది. అందరూ కంప్యూటర్ చుట్టూ మూగారు. అమ్మాయి ఏదో నొక్కింది, పచ్చ మాయమైంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంకోటి నొక్కింది, వెనక మంచుకొండ వచ్చింది. రొట్టెలాయన తల్లి కళ్లజోడు సర్దుకుని ముందుకి వంగింది.

"కొండకి పాచి పట్టిందేంటమ్మా?"

నిజమే. తెల్లటి మంచు మీద అక్కడక్కడా పచ్చటి మరకలు. రొట్టెలాయన చెవి పక్కనుంచి ఆకులాంటిదొకటి మొలిచింది. అమ్మాయి బొమ్మ పెద్దది చేసి చూసింది. లేచి వెళ్లి పరదాకి మొహం ఆనించినంత దగ్గరగా చూసింది. వెనక్కి తిరిగింది.

"నాన్నా. మూలల్లో ముదురుగా ఉంది. మధ్యలో లేతగా ఉంది. ఏంటిది?"

మా ఆయన పైకప్పు కేసి చూశారు. "కొంచెం లోతు ఇచ్చానమ్మా."

"లోతా?"

"ఒట్టి పచ్చ చూస్తుంటే ఆసుపత్రి గోడలా ఉంది. ప్రాణం ఒప్పలేదు. ఆ మూల కాస్త నీడ వేశానంతే."

"మరి ఈ ఆకులో?"

"నీడ వేశాక ఆకు లేకపోతే, ఆ నీడ దేనిదమ్మా?"

ముందు రొట్టెలాయన నవ్వాడు. తర్వాత వాళ్లావిడ. నేను పౌడరు డబ్బా మొహానికి అడ్డం పెట్టుకున్నాను గానీ లాభం లేకపోయింది, పౌడరంతా ఎగిరి నా మీదే పడింది. అమ్మాయి కోపం పట్టుకుందామని చూసి, చేతకాక, అదీ నవ్వేసింది. ఇన్నేళ్లు నీడలు వేసిన చెయ్యిని ఉత్త రంగు వేయమంటే అది మాత్రం ఏం చేస్తుంది? ఆయన ఒక్కరే నవ్వలేదు. కావాలని చేయలేదు మరి. చిన్నపిల్లాడు లెక్క తప్పు చేసినట్టు నిలబడ్డారు. చూస్తే నా ప్రాణం ఉసూరుమంది.

"ఎందుకీ తంటా మాస్టారూ? మావాడికి ఐదేళ్లప్పుడు తీశారే, ఆ పూలతోట దించండి" అంది పెద్దావిడ.

"అవి ఇచ్చేశానమ్మా. ఆదివారం వెళ్లిపోతాయి" అన్నారాయన.

వాళ్లు మళ్లీ వారం వస్తామని చెప్పి పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయారు.

శనివారం మధ్యాహ్నం అమ్మాయి నన్ను మేడ మీదకి పిలిచింది. పరదాలు పోయే ముందు వాటికి ఫొటోలైనా తీసి ఉంచుకుంటానంది. ఆ మాట వినగానే మా ఆయన క్షవరం చేయించుకోవాలని గుర్తొచ్చి బయటికి వెళ్లిపోయారు. అంతకు మూడు రోజుల ముందే చేయించుకున్నారు. ఆ తల మీద ఇంకా కత్తిరించడానికి ఏముందో ఆ మంగలికే తెలియాలి.

ఒక్కో పరదా విప్పి నేల మీద పరిచాం. నాలుగు మూలలా ఇటుకలు పెట్టడం నా వంతు, నిచ్చెనెక్కి ఫొటో తీయడం దాని వంతు. ఏడూ అయ్యాక కిందికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. గురువారం ఫొటోలో రొట్టెలాయన కుటుంబాన్ని చేత్తో జాగ్రత్తగా కత్తిరించి, వెనక పూలతోట పెట్టింది.

"అమ్మా, చూశావా! వెలుగు ఎంత బాగా కలిసిపోయిందో. మంచుకొండలో ఎండ కుడి నుంచి వస్తోంది, వీళ్ల మొహాల మీద లైటు ఎడమ నుంచి పడింది. అందుకే అది అతికించినట్టుంది. నాన్న సూర్యుడు మన ప్లగ్గు దగ్గరే ఉన్నాడు కదా!"

నవ్వుకున్నాం. తర్వాత ఏడు పరదాలనీ తెర మీద చిన్నవి చేసి, వేసిన వరసలో పక్కపక్కన పెట్టింది. పెట్టి, ఆగిపోయింది.

"అమ్మా. ఈ పిట్టగోడలు చూడు."

చూశాను. పూలతోట గోడ బాగా కింద ఉంది. రెండోదాని గోడ కాస్త పైన. మూడోది ఇంకాస్త పైన. అలా ఒక్కో మెట్టు ఎక్కుతూ వెళ్లి, ఆరోదీ ఏడోదీ ఒకే ఎత్తులో ఆగాయి. ఇన్నేళ్లలో ఏడింటినీ ఒకేసారి చూసిన మనిషి లేడు. ఉన్నది ఒక్క గోడ, ఒకటి దిగితే మిగిలినవి చుట్టుకునే ఉంటాయి. పిల్లలొస్తే పాతవి, పెద్దలొస్తే కొత్తవి దించేవారు. అదేదో వ్యాపారం తెలివి అనుకున్నాను నేను.

"మొదటిది ఎప్పుడు వేశాడు నాన్న?"

"నీకు మూడేళ్లప్పుడు. ఒట్టి గోడ ముందు నిలబెడితే గుక్కపట్టి ఏడ్చేదానివి, గోడ నన్ను చూస్తోందని. నీకోసమే తోట వేశారు."

"రెండోది?"

"నువ్వు బళ్లో చేరిన ఏడు."

చెప్తుండగానే నాకు గుర్తొచ్చింది. కొత్త గుడ్డ బిగించినప్పుడల్లా ఆయన దీన్ని కేకేసేవారు. దాని చేతిలో ఒక బిస్కెట్టు పెట్టి, గుడ్డకి ఆనించి నిలబెట్టి, మోచెయ్యి దగ్గర సుద్దముక్కతో గీత గీసేవారు. "కదలకు, కదిలితే గోడ వంకరవుతుంది" అనేవారు. ఆ గీత మీదే పిట్టగోడ వేసేవారు. గోడ తిన్నగా రావడానికే అనుకున్నాం మేమిద్దరం. పద్దెనిమిదేళ్లకి వేసినదీ ఇరవై ఒకటికి వేసినదీ ఒకే ఎత్తులో ఎందుకున్నాయో ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పటికి అది ఎదగడం ఆగిపోయింది.

నేను చెప్పింది విని అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడుస్తూ నవ్వింది. నాకు మాత్రం ముందు కోపం వచ్చింది. ఉప్పు తక్కువైతే ఊరంతా వినేలా చెప్పే మనిషి, ఈ ఒక్క సంగతి ఇన్నేళ్లు కడుపులో దాచుకుంటారా? ఆ కోపం వెనకే ప్రేమ కూడా తన్నుకుంటూ వచ్చింది. ఈ వయసులో ఏంటిది అని సిగ్గేసింది కూడా.

ఆదివారం పొద్దున్నే నాటకాల మేనేజరు వ్యాను వేసుకుని దిగాడు. మా ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పరదాలు గుమ్మం దగ్గర వరసగా పేర్చారు. అమ్మాయి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇవి ఇవ్వం."

"అదేంటమ్మా, మాట ఇచ్చాను."

"నా మోచేతులు ఇచ్చెయ్యడానికి నువ్వెవరు నాన్నా?"

ఆయన నా వైపు చూశారు. నేను పైకప్పు కేసి చూశాను. ఆ విద్య ఆయన దగ్గర నేర్చుకున్నదే.

"చూశావా?" అన్నారు మెల్లగా.

"చూశాను నాన్నా. ఏడూ."

ఆయన అక్కడే ఒక పరదా చుట్ట మీద కూలబడ్డారు, అది కొండ పరదా అనుకుంటాను. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"మీ తండ్రీకూతుళ్ల సంగతి బాగానే ఉంది. నా సంగతేంటి? వచ్చే నాటకంలో సగం కథ అడవిలోనే జరుగుతుంది" అన్నాడు మేనేజరు నడుం మీద చేతులు పెట్టుకుని.

అమ్మాయి లోపలికి పరిగెత్తి పచ్చ పరదా పట్టుకొచ్చింది. వీధిలో ఎండలో ఇద్దరం చెరో కొస పట్టుకుని విప్పాం. మేనేజరు నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. మూలల్లో నీడ, మధ్యలో వెలుగు, కనీ కనిపించకుండా ఆకులు. "అబ్బ! లోపలికి నడిచి వెళ్లిపోవచ్చు అన్నట్టుంది మాస్టారూ" అన్నాడు. చుట్టి వ్యానులో వేసుకుని, మేం మనసు మార్చుకుంటామేమోనని గబగబా వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది ఒక్క గోడ గొడవ. పరదాలుంటే పచ్చ ఉండదు, పచ్చ ఉంటే పరదాలుండవు అని తండ్రీకూతుళ్లిద్దరూ దిగాలుగా కూర్చున్నారు.

"ఎదురు గోడ ఏం పాపం చేసింది?" అన్నాను.

"అక్కడ నీ అద్దం బల్ల ఉంది కదా" అన్నారిద్దరూ ఒక్కసారే.

నా బల్లకి అంత మర్యాద ఉందని నాకు అప్పుడే తెలిసింది. దాన్ని వసారాలోకి లాగించాను. ఇప్పుడు గాలి కూడా తగులుతోంది, వీధిలో ఎవరు ఎటు పోతున్నారో తెలుస్తోంది, నష్టమేం లేదు. కరెంటు పనివాణ్ణి పిలిచి ఆ పక్కన రెండో ప్లగ్గు పెట్టించాం. గోడకి పచ్చ రంగు అమ్మాయే రోలరుతో వేసింది. మా ఆయన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుని, పంటినొప్పి మనిషిలా చూశారు.

"ఆ మూల ఒక్క చిన్న..."

"నాన్నా!"

"సరే, సరే."

రొట్టెలాయన వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు పిల్లలు మంచుకొండ ఎక్కారు, పెద్దావిడ పూలతోట దించమంది. మంచుకొండకి ముందు మా ఆయన ఊరుకోకుండా చెక్క స్టాండుకి తెల్ల రంగు వేసి పట్టుకొచ్చారు. "కొండకి పిట్టగోడేంటి నాన్నా?" అంది అమ్మాయి. నేను, ఆయన ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రొట్టెలాయన మాత్రం హాయిగా దాని మీద చెయ్యి ఆనించి, ఈసారి మనిషిలా నిలబడ్డాడు.

నెల తిరక్కుండానే మా ఆయన ఎనిమిదో గొట్టం తెప్పించారు. కొత్త గుడ్డ బిగించారు. ఈసారి మా మేడ మీద నుంచి కనిపించే వీధిని వేస్తానన్నారు. మొదటిసారి పిట్టగోడ నిజంగా ఉండాల్సిన చోటే ఉందన్నమాట. సుద్దముక్క పట్టుకుని, అలవాటు కొద్దీ అమ్మాయిని కేకేశారు.

"రా తల్లీ, నిలబడు."

అది వచ్చి, సుద్దముక్క ఆయన చేతిలోంచి తీసుకుంది. "ఈసారి నువ్వు నిలబడు నాన్నా. ఈ స్టూడియోలో నీ కొలత ఒక్కటీ లేదు."

"నాకెందుకే?" అంటూనే నిలబడ్డారు, గుడ్డకి వీపు ఆనించి, బుద్ధిగా. నేను వెళ్లి ఆయన చేతిలో ఒక బిస్కెట్టు పెట్టాను.

"కదలకు నాన్నా. కదిలితే గోడ వంకరవుతుంది" అంటూ అమ్మాయి ఆయన మోచెయ్యి దగ్గర గీత గీసింది. ఏడో పరదాలో అమ్మాయి గీత కంటే రెండు వేళ్లు కిందికి వచ్చింది.

పరదా ఆరిన రోజు దాని ముందు మొదటి ఫొటో ఆయనదే. ఇన్నేళ్లు ఊరందరినీ నిలబెట్టిన మనిషి, తన పరదా ముందు తను నిలబడింది అదే మొదలు. నేను తల దువ్వాను, ఉన్నంత మేరకు. కాలర్ సరిచేశాను. అమ్మాయి కెమెరా వెనక్కి వెళ్లింది. లైటు వెలిగింది. ఆయన ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డారు. పక్కనే చెక్క స్టాండు ఉన్నా, రెండు చేతులూ చెరో పక్క వేలాడుతున్నాయి. కాసేపటికి నా వైపు తిరిగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగారు:

"ఈ చేతులు ఎక్కడ పెట్టుకోవాలే?"

"గోడ మీద పెట్టండి" అన్నాను.

పెట్టారు. సరిగ్గా సరిపోయింది.